గుండెకు ఇనప రేకు

అయస్కాంతాన్ని గుమ్మం బయట నిలబెట్టిన మనిషి ఈ డెల్టాలో ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. తుపాకి గుండును ఆపే చొక్కాలు పెద్దవాళ్ళకు ఉంటాయని విన్నాను. అయస్కాంతాన్ని ఆపే బనీను మాత్రం తెనాలిలో నేను తయారు చేశాను. దాన్ని తొడుక్కుని ఒక మనిషి రెండేళ్ళు బతికాడు. ఈ మాట పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, రైలు పెట్టెల్లో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి వెళ్ళి అక్కడి బల్ల మీద కూర్చుని కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగింది.

ఎనభైల చివర్లో నేను తెనాలిలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో డెమాన్‌స్ట్రేటర్ని. రైల్లో ఎవరైనా అడిగితే లెక్చరర్నని చెప్పేవాణ్ణి. ఆ బనీను తొడుక్కున్న మనిషికి రేపల్లెలో మైకు సెట్టు షాపు. చర్చి కూడికలకూ, పెళ్ళిళ్ళకూ, చావులకూ అటు చెరుకుపల్లి దాకా ఆయన హారన్లే మోగేవి. మా కాలేజీ వార్షికోత్సవానికి కూడా ఆయన సెట్టే. అలా మాకు స్నేహం.

ఒకనాడు షాపులోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని మద్రాసులో ఛాతీ చర్మం కింద పేస్‌మేకర్ పెట్టారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. పంపేటప్పుడు, పెద్ద అయస్కాంతాలకు దూరంగా ఉండమన్నారు.

మైకు సెట్టు వాడికి ఆ మాట చెప్పడమంటే చేపలు పట్టేవాణ్ణి నీళ్ళకు దూరంగా ఉండమన్నట్టే. ప్రతి హారను వెనకా శబ్దం పుట్టించే ఒక యూనిట్టు, ప్రతి యూనిట్టులో ఒక అయస్కాంతం. పైగా వీళ్ళు దాన్ని మోసే తీరు ఒకటుంది. కొబ్బరిచెట్టెక్కి హారను కట్టేటప్పుడు ఒక చెయ్యి చెట్టుకు, రెండో చేత్తో యూనిట్టును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఛాతీకి అదుముకుంటారు. ఎడమవైపే అదుముకుంటారు. పేస్‌మేకర్ ఉన్నదీ ఎడమవైపే.

"మాస్టారూ, నా షాపులో అయస్కాంతం కానిదేంటో చెప్పండి. నేనూ, మా ఆవిడా. అంతేగా?" అన్నాడు, నేను చూడబోయిన రోజు.

"నేనే అయస్కాంతాన్నయితే నువ్విలా ఊళ్ళు పట్టుకుని తిరుగుతావా?" అంది ఆయన భార్య, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

ఆయన నవ్వలేదు. "ఇంకో పని రాదండి నాకు. షాపు మూస్తే ఇంట్లో కూర్చుని పోతాను, తెరిస్తే దీనివల్ల పోతాను. మీరు చదువుకున్నారు, ఏదో ఒకటి చెయ్యండి."

చదువుకున్నారు అన్నాడు. ఇక నన్ను పట్టేవాళ్ళెవరు?

ముందు ఒక అయస్కాంతంతో ఇంకోదాన్ని చంపుదామనుకున్నాను. పాడైన స్పీకరులోంచి గుండ్రటి అయస్కాంతం ఊడదీసి, ఒకదాన్నొకటి నెట్టుకునేలా తిప్పి యూనిట్టు వెనక అంటించాను. ల్యాబులోంచి తెచ్చిన దిక్సూచిని ఎదురుగా పెడితే ముల్లు బుద్ధిగా ఉత్తరానికి తిరిగింది. ఆయన మొహం వెలిగింది. దిక్సూచిని బెత్తెడు పక్కకు జరిపాను. ముల్లు మునుపటికన్నా ఎక్కువ గింగిరాలు తిరిగింది. బలం చచ్చిన ఆ ఒక్క చోటులోనే గుండెను కదలకుండా నిలబెట్టి చెట్టెక్కడం ఎవరివల్లా కాదు.

అప్పుడు రేకు ఆలోచన వచ్చింది. ఇనుము అయస్కాంత బలాన్ని ఆపదు. తనలోకి లాక్కుని పక్కనుంచి పంపేస్తుంది, వాన నీటిని చూరు పక్కకు జార్చినట్టు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు ఒకటి విప్పి, అందులో పేర్చి ఉండే పలచటి ఇనప రేకులు తెచ్చాను. ఆయన బనీను లోపల ఎడమవైపు ఆవిడ గుడ్డ జేబు కుట్టింది. రేకులు అందులో దోపాం. యూనిట్టుకూ దిక్సూచికీ మధ్య ఆ బనీను పట్టుకుని చూపించాను. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఇన్నాళ్ళూ చెప్పిన కథ ఇంతవరకే. ఇప్పుడు నిజం చెప్తాను. ముల్లు కదిలింది. తక్కువే, కానీ కదిలింది. ఆయన చూశాడు.

"వణికింది కదండీ?"

"ఫ్యాను గాలి," అన్నాను. ఆ గదిలో ఫ్యాను తిరగడం లేదు.

ఇంకో సంగతి కూడా దాచాను. బనీను తొడుక్కుని యూనిట్టును ఎత్తుకోగానే అది టప్పుమని ఛాతీకి అతుక్కుంది. దూరంగా పెట్టాల్సిన దాన్ని రేకే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరం కలిసి పీకాం. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. దాన్ని సరిచేయాలని మాత్రం నాకు తోచలేదు. తోచలేదని కాదు, పేరు పోతుందని.

ఆయన మళ్ళీ పనిలోకి దిగాడు. ఆదివారాలు రేపల్లె బండెక్కి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. "ఉందండి, ఇదిగో," అని ఛాతీ మీద తట్టి చూపేవాడు. లోపల రేకు మోగేది. నాకదే వార్షికోత్సవం.

మధ్యలో ఒకసారి మద్రాసు వెళ్ళివచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "పరీక్ష చేస్తానని డాక్టరేం చేశాడనుకున్నారు మాస్టారూ? ఇంత అయస్కాంతం తెచ్చి సరిగ్గా దాని మీదే పెట్టాడు! అది దగ్గరుంటే పెట్టె గుండె మాట వినకుండా తన లెక్కన తాను కొడుతుందంట. కాసేపయితే ఏం కాదంట." ఇంకా ఏవో జాగ్రత్తలు చెప్పాడని కూడా అన్నాడు. అవి అందరికీ చెప్పేవేలే అనుకుని నేను వినలేదు.

తొంభైలు మొదలయ్యాక, బాపట్ల దగ్గర ఒక గుడ్ ఫ్రైడే కూడికకు సెట్టు తీసుకెళ్ళాడు. సముద్రపు గాలికి హారను పక్కకు తిరిగిపోతే తానే చెట్టెక్కి సరిచేశాడు. దిగి యాంప్లిఫయరు పక్కన కూర్చున్నాడు. లోపల ప్రార్థన నడుస్తోంది. అది అయ్యాక పాటకు మైకు పెంచమని ఎవరో సైగ చేశారు. ఆయన పెంచలేదు. దగ్గరికెళ్ళి భుజం తడితే పక్కకు ఒరిగిపోయాడు. బాపట్ల ఆసుపత్రిలో తీగలు తగిలించి చూసిన డాక్టరు, మనిషి పోయాడు గానీ పెట్టె ఇంకా పని చేస్తూనే ఉందన్నాడు. ఆ మాట విని ఆయన భార్య చెవులు మూసుకుంది.

ఆ రోజు ఆయన ఒంటి మీద బనీను ఉందా లేదా అని నేను అడగలేదు. ఉంటే నా రేకు ఆయన్ని కాపాడలేదు. లేకపోతే వేసుకోనందుకు పోయాడు. రెండోది నాకు అనుకూలం కాబట్టి దాన్నే నమ్మాను. అప్పుడప్పుడు మాత్రం తెల్లవారుజామున మెలకువ వచ్చి, నా రేకు ఇచ్చిన ధైర్యంతోనే ఆ చెట్టెక్కాడేమోనని అనిపించేది.

చాలా ఏళ్ళకు రేపల్లెలో కూతురి ఇంట్లో ఆవిడను కలిశాను. నలుగురూ ఉన్నారు కదా, నా నోరు ఊరుకోలేదు. "ఆ రేకే లేకపోతే మావాడు ఆ రెండేళ్ళు కూడా ఉండేవాడు కాదమ్మా," అన్నాను.

ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది.

"మద్రాసు డాక్టరు చెట్లెక్కొద్దన్నాడు అన్నయ్యగారూ, బరువులు మొయ్యొద్దన్నాడు. ఆ మాట మీరు ఒక్కనాడూ ఆయనతో అనలేదు. వచ్చినప్పుడల్లా రేకు ఉందా, రేకు ఉందా అనేవాళ్ళు. మీ బండి వచ్చే వేళకి అది తొడుక్కుని కూర్చునేవాడు, మీరు బాధపడతారని. మీరటు వెళ్ళగానే విప్పి మేకుకి తగిలించేవాడు. ఆ బనీను నేను ఒక్కసారి కూడా ఉతకలేదండి. మాసితేగా."