ఒర్రె దారిలో లేచిన ఇల్లు

నా చిన్నప్పుడు, నిజాంసాగర్ కాలువలో నీళ్లు పారడం మొదలైన కొత్తలో, కోస్తా నుంచి ఒక కుటుంబం వచ్చి మా ఊరి పక్కన దిగింది. భార్యాభర్తలు, ఆయన తల్లి. మా పశువులు మేసే కంచె భూమి వాళ్ల పేరిట అయింది. ఆ రోజు నుంచి ఊరికి వాళ్లంటే గిట్టలేదు. మా బాపు వాళ్లను బావి దగ్గరికి రానివ్వలేదు. ఎల్లారెడ్డి సంతకు పోయే బండ్లలో ఎవరూ ఎక్కించుకోలేదు. వాళ్ల మాటతీరును వెక్కిరించడం పిల్లలకు ఆట.

వడ్రంగిని పిలిస్తే రాలేదు. దాంతో ఆ ఇంటాయనే చెట్లు కొట్టి, దుంగలను చెక్కకుండానే పక్కపక్కన పాతి, సందుల్లో మట్టి కూరి ఇల్లు లేపసాగాడు. పాతింది మాత్రం ఒర్రె దారిలో, వానకు వాగు పారే చోట. గట్టి వాన పడితే గుట్ట మీది నీళ్లన్నీ అటే దూకుతాయి. రెండేళ్లుగా సరైన వానల్లేక ఆ చోటు చదునుగా, ముచ్చటగా కనిపించేది. సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు మేకలను తోలుకుని అటు పోతుంటే వాళ్ల ముసలమ్మ నన్ను ఆపింది.

"వానాకాలం ఇటు నీళ్లొస్తాయా అమ్మాయ్?"

రావన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటే బాపు నవ్వి, చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. పొయ్యి దగ్గరున్న అవ్వ మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అవ్వ నన్ను వాళ్ల దగ్గరికి తీసుకుపోయి, ఈ పిల్ల మట్టిపని బాగా చేస్తుంది, ఉంచుకోండని వదిలేసి వచ్చింది. వాళ్లు అనుమానంగానే చూశారు. కానీ పనికి మనుషులు దొరకనివాళ్లు, వద్దనలేదు. ముసలమ్మ మట్టి తొక్కేది, నేను ముద్దలు చేసి దుంగల సందుల్లో కూరేదాన్ని. ఆమె మడమలు పగిలి నెత్తురు వచ్చేది. అయినా ఆగేది కాదు. నాతో ఒక్క మంచి మాట కూడా అనలేదు. మూడో రోజు, నేను మెత్తుతున్న గోడ పక్కనే తన మంచం వేసుకుంటానని కోడలితో చెప్పింది. నా వేళ్ల గుర్తులు ఇంకా తడిగా ఉన్నాయి దాని మీద.

ఇంటికి పరుగెత్తుకొచ్చి, నువ్వు పోయి చెప్పవ్వా అని ఏడ్చాను. అవ్వ కదల్లేదు.

"గాళ్లు పోవాలనే నాకు గూడ ఉన్నది. నా బర్రెలకు మేత లేకుండ చేసిండ్రు. గని నీ అబద్ధంతోని పోవద్దు. చెప్పినదానివి నువ్వే, పోయి నువ్వే చెప్పు."

పోయి చెప్పాను. ఆ ఇంటాయన పార విసిరికొట్టి, ఊరంతటికీ తెలుసా అని అడిగాడు. తలూపాను. ముసలమ్మ అరవలేదు. మళ్లీ తమ ఛాయలకు రావద్దని మాత్రం అంది.

పాతిన దుంగలన్నీ పీకి, ముగ్గురూ మోసుకుపోయి మిట్ట మీద మళ్లీ పాతారు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నెల్లాళ్లు బాపు నాతోనూ అవ్వతోనూ మాట్లాడలేదు. తోటి పిల్లలు నన్ను వచ్చినోళ్ల మనిషి అనేవాళ్లు.

ఆ ఏడు ఒర్రె రొమ్ములోతు పారింది. చూద్దామని పోయాను. అవతల మిట్ట మీద ముసలమ్మ నిలబడి నీళ్లనే చూస్తోంది. నన్ను చూడగానే లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తడుస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నిజం చెబితే దగ్గరికి తీసుకుంటారని అప్పటిదాకా నా నమ్మకం. ఆ ఎదురుచూపు అక్కడే పోయింది. ఇప్పటికీ ఎవరికైనా చెప్పవలసిన మాట ఉంటే చెప్పేస్తాను. తర్వాత వాళ్ల ముఖం వంక చూడకుండా లేచి నా పనికి నేను పోతాను.