గడువు దాటిన రేడియో

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చోడవరం బస్సు కండక్టరు చెప్పాడు. అనకాపల్లిలో నేను పాఠాలు చెప్పే బడి ముందు బస్సు ఆపించి మరీ దిగాడు. "ఏటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నారేటి? మీ అత్త తెల్లారగట్ల పోనాది. ఎక్కండి, టిక్కెట్టొద్దు" అన్నాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగి "అయ్యో, పాపం" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మొగుడింట్లోంచి తన కాళ్ళ మీద తను నడిచి వచ్చేసిన నాటి నుంచీ అత్తకు గిట్టని మాట అదొక్కటే. ఇది చదివి మీరు కూడా పాపం అనకండి, మీకు పుణ్యముంటుంది.

అత్త మా నాన్నకు అప్ప, అంటే అక్క. మాకు పక్కిల్లే. తన వాటాకి వచ్చిన చెరకు మడి తనే చేయించుకునేది, బెల్లం తనే వండేది. మా వైపు ఆడవాళ్ళు చెరకు మోస్తారు, పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తారు, అంతే. పెనం దగ్గర నిలబడి పాకం చూసేది మగవాళ్ళు. అత్త వెళ్ళి అక్కడే నిలబడింది. మా పెద్ద ఆడవాళ్ళందరిలాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్ట కాలే కొసని నోట్లోకి పెట్టుకుని. పైఊరివాళ్ళు నోరెళ్ళబెట్టి చూస్తే నవ్వేది. "నోరు మూసుకుంటే నిప్పు ఆరిపోద్దనుకుంటారు. నాది మూసుకున్నా కాలతాది" అనేది.

ఆమెకో పద్ధతి ఉండేది. పాకం అచ్చుల్లో పోశాక, దిమ్మ గట్టిపడేలోగా, దాని మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కేది. అనకాపల్లి బజారులో ఎన్ని దిమ్మలున్నా ఆ నొక్కు చూస్తే ఎవరిదో తెలిసిపోయేది. వానాకాలంలో ఏ దిమ్మైనా చెమ్మెక్కి నీరు కారిందా, కొన్నవాళ్ళు దాన్ని సరాసరి అత్త గుమ్మంలోకి తెచ్చేవారు. ఎప్పుడు కొన్నావు, ఎక్కడ పెట్టావు అని ఆమె అడిగేది కాదు. పెరట్లో చిన్న పెనం పెట్టి మళ్ళీ వండి ఇచ్చేది.

"ఊరికే వండి పోత్తన్నావు, నీకేటి లాభం అప్పా?" అని నాన్న గొణిగేవాడు.

"సెడిందని తెచ్చినోడు దొంగ కాడురా. మన మాట నమ్మినోడు" అనేది అత్త.

ఒక ఏడు బెల్లం బాగా పలికింది. అత్త అనకాపల్లి వెళ్ళి రేడియో కొని తెచ్చింది. అప్పటికి మా వీధికి కరెంటు లేదు. ఇటుకంత బ్యాటరీతో నడిచే సెట్టు అది. తన అరుగు మీద పెట్టి, ఇంటి మీద నుంచి ఏరియల్ తీగ కట్టించింది. మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమం వచ్చే వేళకి వీధిలో ఆడవాళ్ళంతా చేతిలో పని చేతిలోనే పట్టుకుని ఆ అరుగెక్కేవారు. బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళు, పిల్లలకి పాలిచ్చేవాళ్ళు, ఊరికే కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. మగవాళ్ళ అరుగు మీదైతే వాళ్ళు కాలు పెట్టగలరా? గోడ పక్కన నిలబడి వినాలి, అదీ పనున్నట్టు నటిస్తూ. ఊళ్ళో ఆడవాళ్ళు ధీమాగా కూర్చునే అరుగు అదొక్కటే.

రేడియోకి కొట్టువాడిచ్చిన పూచీ ఏడాది. ఏడాది నిండి నెల తిరగకుండానే రేడియో మూగబోయింది. కొత్త బ్యాటరీ వేసినా పలకలేదు. నాన్న ముఖం వెలిగిపోయింది. "బాగు సేయించడం నీ వల్ల కాదు గానీ అప్పా, ఆ సంగతి నాను సూసుకుంటాను. కాకపోతే ఇక మీదట అది మా అరుగు మీద ఉంటాది" అన్నాడు.

అత్త చుట్ట నోట్లోంచి తీసింది. "నీ అరుగు మీద పాడేకంటే నా అరుగు మీద మూగగా ఉండనీ" అంది. మర్నాడు రేడియోని దుప్పట్లో చుట్టి, ఒక బెల్లం దిమ్మ సంచిలో వేసుకుని, బస్సెక్కి అనకాపల్లిలో నా గది ముందు దిగింది. ఇద్దరం రేడియో కొన్న కొట్టుకి వెళ్ళాం.

కొట్టు యజమాని మంచి మాటకారి. అమ్మినప్పుడు "ఇది మీ ఇంటి మనిషనుకోండి" అన్నవాడు, ఇప్పుడు దుప్పటి కూడా విప్పనివ్వలేదు. "గడువు దాటిపోయిందమ్మా. ఇక మాకేం సంబంధం లేదు. ఇవి ఒకసారి పోతే పోయినట్టే. కొత్తది తీసుకోండి."

"నువ్వు విప్పి సూసేవా?"

"చూడక్కర్లేదమ్మా."

"నాడి సూడకుండానే సచ్చిపోనాదంటావేటి బాబూ? ఏడాది దాటితే ఇది సెడిపోద్దని నీకు ముందే తెలుసా? తెలిస్తే అమ్మినప్పుడే సెప్పాల. తెల్దా, మరైతే విప్పి సూడు. ఊరికే సెయ్యమన్లేదు, కూలి ఇస్తాను."

"పొద్దున్నే గొడవ చెయ్యకండి, బేరాల వేళ" అన్నాడతను.

"గొడవా? గొడవ నానింకా మొదలెట్నేదు" అంది అత్త. వెళ్ళి కొట్టు మెట్ల మీద కూర్చుంది. రేడియోని ఒళ్ళో పెట్టుకుని, చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి తిప్పింది. నేను పక్కన కూర్చున్నాను. మెట్టెక్కబోయిన ప్రతి మనిషికీ ఎంతో మర్యాదగా చెప్పింది. "కొనుక్కోండి బాబూ, మంచి రేడియోలే. ఏడాది పాడతాయి. ఆ తరవాత ఇలగ ఒళ్ళో కూకుంటాయి." కొందరు నవ్వి వెళ్ళిపోయారు. కొందరు నవ్వి, వెళ్ళకుండా నిలబడ్డారు. లోపల యజమానికి ముచ్చెమటలు పోశాయి.

అది బెల్లం బజారుకి పోయే దారి. ముసలి వర్తకుడొకాయన అత్తని గుర్తుపట్టి ఆగాడు. సంగతంతా విని, మెట్ల కింద నుంచే యజమానిని కేకేశాడు. "ఏం బాబూ, ఈవిడ దిమ్మ నా కొట్లో వానకి కరిగిపోతే, మారు మాటాడకుండా మళ్ళీ వండి ఇచ్చింది. ఈవిడకి నువ్వు గడువు సెప్తన్నావేటి?" చుట్టూ చేరిన వాళ్ళలో సగం మంది బెల్లం మనుషులే. వాళ్ళకి ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది.

చివరికి మెకానిక్కుని పిలిచి పెట్టె విప్పించారు. లోపల ఒక తీగ టంకం ఊడి వేలాడుతోంది. అంతే, ఇంకేమీ లేదు. అది అతికించి మీట తిప్పేసరికి రేడియో గరగరమని, ఎవరో అమ్మాయి పాడుతున్న పాట మధ్యలోంచి అందుకుంది. మెట్ల మీద జనం ఈలలు వేశారు. యజమాని తల వంచుకుని "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అత్త సంచిలోంచి దిమ్మ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది కూలి. దీని మీద నా నొక్కుంది సూడు. కరిగితే తీసుకొచ్చీ. దీనికి గడువు నేదు."

ఆ తర్వాత ప్రతి ఏడూ ఒక దిమ్మ ఆ కొట్టుకి వెళ్ళేది. రేడియో అత్త అరుగు మీదే పాడింది. నాన్న మా గోడ చాటున నిలబడి, పనున్నట్టు నటిస్తూ, వార్తలు వినేవాడు.

అత్త పెద్దకార్యం అయిన మర్నాడు వాన పడుతోంది. నాన్న రేడియో మీద చెయ్యి వేసి "ఇక దీన్ని మన అరుగు మీదకి మార్చేద్దాం" అన్నాడు. సరిగ్గా అప్పుడే గొడుగు వేసుకుని ఆ కొట్టు యజమాని వచ్చాడు. తాటాకు బుట్టలో నీరు కారుతున్న దిమ్మ. అత్త పోయిన సంగతి అతనికి తెలీదు. గుమ్మంలో విని, నిలబడ్డ చోటే కళ్ళు తుడుచుకుని, బుట్ట వెనక్కి తీసుకోబోయాడు.

"అవును బాబూ, వండిన మనిషే పోనాది. ఇంకేటి పూచీ?" అన్నాడు నాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషి పోనాది. మాట పోనేదు. నువ్వు రేడియో మీంచి సెయ్యి తియ్యి నాన్నా, అది ఇక్కడే ఉంటాది" అన్నాను. పిల్లలకు పాఠం చెప్పే భాష ఆ పూట నా నోట్లోకి రాలేదు. యజమాని చేతిలోంచి బుట్ట లాక్కుని పెరట్లోకి వెళ్ళి, వసారాలో చిన్న పెనం పెట్టాను. గుమ్మంలోంచి చూస్తే నాన్న రేడియో మీంచి చెయ్యి తీసేశాడు. ఒక్కొక్కరే తల మీద చెంగు కప్పుకుని ఆడవాళ్ళు అరుగెక్కారు. ఎవరో మీట తిప్పారు.

పాకం అచ్చులో పోశాను. అత్తలా ఆగడం నాకు చేతకాలేదు. అది ఇంకా వేడిగా ఉండగానే బొటనవేలు పెట్టాను. చుర్రుమని కాలింది. నొక్కు పూర్తిగా దిగేదాకా వేలు తియ్యలేదు.