ముఖాముఖి అంటించిన పేజీలు

మా తాతయ్య బైండరు. తను కట్టిన పుస్తకం నీళ్లలో పడ్డా, మేక నమిలినా కుట్టు మాత్రం ఊడదని ఆయన చెప్పుకునేవాడు. మేక సంగతి నాకు తెలియదు. నా ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకాన్ని మాత్రం నేనే బావిలో పడేశాను. మూడు రోజుల తర్వాత పైకి తీస్తే అంకెలన్నీ కరిగిపోయాయి, కుట్టు అలాగే ఉంది. నా చదువు అక్కడితో ఆగింది. ఆయన గర్వం ఆగలేదు. ఆ పుస్తకాన్ని నెల రోజులు కొట్టు గుమ్మంలో వేలాడదీసి, వచ్చిన ప్రతివాడికీ చూపించాడు.

కొట్టు మసీదు వెనక సందులో ఉండేది. పదడుగుల గది. ఒక మూల ఇనుప ప్రెస్సు, ఇంకో మూల కాగితం కోసే మిషను, మధ్యలో చాప. స్టవ్వు మీద మైదా జిగురు ఎప్పుడూ ఉడుకుతూ ఉండేది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాడు కాబట్టి ఆయన గోళ్లు నీలంగా ఉండేవి. ప్రెస్సు చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమ భుజం కంటే లావెక్కింది. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని కాబట్టి ఆయన చొక్కాలూ నేనే కుట్టేదాన్ని. "తాతయ్యా, నీకు ఇద్దరు మనుషుల కొలతలు రాసుకోవాలి" అనేదాన్ని. "ఎడమవాడు సోమరిపోతు, వాడికి తక్కువ గుడ్డ చాలు" అనేవాడు.

నిష్ఠ అంటే మామూలు నిష్ఠ కాదు. ఐదు పూటలా నమాజు తప్పడు. లైబ్రరీ వాళ్ల నవలలు బైండు చేసేవాడు గానీ, అట్ట మీద ఆడవాళ్ల బొమ్మ ఉంటే పని అయ్యేదాకా బోర్లా పెట్టేవాడు. ఇంట్లో పాట పెట్టనిచ్చేవాడు కాదు. పక్కింట్లో పాట మోగితే మాత్రం కిటికీ మూయమని ఒక్కరోజూ అనలేదు. పైగా ఆ పాట వచ్చేటప్పుడే సూదిలో దారం ఎక్కించే పని పెట్టుకునేవాడు. నేను నవ్వితే, "దారం ఎక్కట్లేదే, నేనేం చెయ్యను!" అనేవాడు.

ఆయన ప్రాణం ఒక పుస్తకం మీద ఉండేది. ఆయన గురువుగారు, అందరూ ఉస్తాదు అనే పెద్దాయన, రాసిన పుస్తకం అది. నూటఅరవై పేజీలు. నమాజుకి ముందు ఎలా కడుక్కోవాలి, శవానికి స్నానం ఎలా చేయించాలి, పక్కింటి గోడకి మేకు కొట్టాలంటే ఎవరిని అడగాలి, అన్నీ అందులో ఉండేవి. మసీదు వరండాలో సాయంత్రం పూట పిల్లలకి యాభై ఏళ్లుగా అదే పాఠం. ఉస్తాదు పోయాక తాతయ్యే చెప్పేవాడు. ఉన్న కాపీలన్నీ చీకిపోయాయి. ఎలాగో తంటాలు పడి, మూడు వందల కాపీలు కొత్తగా అచ్చు వేయించాడు.

"నేను పోయేలోపు ఈ పుస్తకం పిల్లల చేతుల్లో పెట్టాలే. ఆ తర్వాత నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాడు నాతో.

పుస్తకంలా మడవాల్సిన పెద్ద అచ్చు కాగితాలు, ఫారాలు, కొట్టుకి చేరాయి. మడత పెట్టడం సగం అయిందో లేదో, మసీదు కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. టైల్సు కొట్టు ఆయనది. ఎవరి మాటా కాదనలేడు కాబట్టి ఊరంతా ఆయన్ని సర్దుబాటు మామయ్య అనేది. చాప అంచున కూర్చుని మోకాళ్లు రుద్దుకున్నాడు.

"పెద్దాయనా, చిన్న విషయం. రెండు చోట్ల కొంచెం తీసేద్దాం."

"ఏం తీసేద్దాం?"

"మీ మనవడి వాళ్లు ఒకటి అడుగుతున్నారు. మీ అమ్మాయి వాళ్లు ఒకటి అడుగుతున్నారు. బయటివాళ్లయితే నేనే సర్దిచెప్పేవాణ్ణి. మీ ఇంటివాళ్లే అయ్యేసరికి..."

మా ఇంటివాళ్లే. ఒకరు మా అన్నయ్య. సెల్‌ఫోన్లు బాగుచేసే పని వాడిది. ఒక కుర్రాళ్ల గుంపులో చేరాక ఇంట్లో అందరి నమాజుల్లోనూ తప్పులు కనిపించడం మొదలైంది. తాతయ్య వెనక నిలబడి నమాజు చెయ్యడం మానేశాడు. పుణ్యపురుషుల పేరు చెప్పుకుని దేవుణ్ణి వేడుకోవచ్చని ఉస్తాదు రాసిన రెండు పేజీలు పోవాలని వాళ్ల పట్టు. రెండోవారు మా పిన్ని, కాలేజీలో లెక్చరరు. ఆమె సంస్కరణ సంఘం వాళ్లది ఇంకో పట్టు. మగతోడు లేకుండా ఆడది దూరప్రయాణం చెయ్యకూడదన్న రెండు పేజీలు పోవాలని. అన్నయ్య వాళ్లు మసీదుకి కొత్త ఫ్యాన్లు ఇస్తామన్నారు, పిన్ని వాళ్లు పిల్లలకి బెంచీలు ఇస్తామన్నారు. సర్దుబాటు మామయ్యకి గాలీ కావాలి, కూర్చోడానికీ కావాలి.

ఆ ఆదివారం ఇద్దరినీ తాతయ్య కొట్టుకి పిలిపించాడు. ఒక ఫారం తీసి వాళ్ల ముందు విప్పాడు.

"చూడండి. ఒక్కో కాగితానికీ మడతకి అవతల జత కాగితం ఉంటుంది. అమ్మాయ్, నువ్వు వద్దన్నవి లాగితే వాటి జతలు ఊడిపడతాయి. అందులో ఏముందో తెలుసా? మొగుడు తన చిరిగిన బట్ట తనే కుట్టుకోవాలి, ఇల్లు ఊడవాలి అని ఉంది. ఒరేయ్, నువ్వు వద్దన్నవి లాగితే శవానికి స్నానం చేయించే పాఠం పోతుంది. రేపు నాకు ఎవడు చేయిస్తాడు, ఎలా చేయిస్తాడు?"

ఆయన ముఖంలో గెలిచిన వెలుగు కనిపించింది. కానీ అన్నయ్య చిన్నప్పుడు ఆ చాప మీదే పెరిగాడు.

"అర అంగుళం వదిలి కోస్తే జత కాగితం ఊడదు తాతయ్యా. నాకు నేర్పింది మీరే."

తాతయ్య దొరికిపోయిన దొంగలా ఫారాన్ని మళ్లీ మడిచాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"కొయ్యొచ్చురా. నాకు చేతనవును. కానీ కొయ్యను. నాకు మింగుడుపడని పేజీలు నాకూ ఉన్నాయి. నచ్చినవి ఉంచుకుని నచ్చనివి కోసేస్తే అది నా పుస్తకం అవుతుంది. నాకెందుకు నా పుస్తకం? ఉస్తాదు తనకి నచ్చినవి రాయలేదు. తనకి అందినవి రాశాడు."

"అందినవాటిలో తప్పుంటే?" అన్నాడు అన్నయ్య. "దేవుడికీ మనిషికీ మధ్య ఇంకొకణ్ణి నిలబెట్టేవాడు మన మతంలో ఉన్నట్టే కాదు తాతయ్యా."

"అంటే నేనూ లేనా?"

అన్నయ్య జిగురు గిన్నె వైపు చూశాడు. లేరనీ అనలేదు, ఉన్నారనీ అనలేదు. నాకే భరించలేక, "స్టవ్వు ఆపేదా?" అని అడిగాను. ఎవరూ వినలేదు.

పిన్ని మెల్లగా అందుకుంది. "నాన్నా, ఆ పేజీ వల్ల నువ్వు మూడేళ్లు రోజూ నాతో బస్సెక్కి, మా కాలేజీ సైకిల్ స్టాండులో కూర్చుని ఫారాలు కుట్టావు. అందరూ నన్ను చూసి నవ్వారు."

"చదువు ఆపలేదు కదమ్మా."

"నువ్వు ఆపలేదు. నీలాంటి నాన్న లేని పిల్లలందరికీ ఆ పేజీయే ఆపింది. నీ మంచితనం చూపించి ఆ పేజీని కాపాడకు నాన్నా."

పేజీ అడుగున, అవసరం ఉన్నప్పుడు, దారి క్షేమమైనప్పుడు ఒంటరిగా వెళ్లొచ్చంటూ ఉస్తాదు సన్నక్షరాల్లో రాసిన షరతులు ఉన్నాయని ఆయన ఏదో గొణిగాడు. "అంత సన్నక్షరాలు ఎవరు చదువుతారు నాన్నా?" అంది పిన్ని.

అక్కడితో ఆగినా బాగుండేది. నాలుగు రోజుల తర్వాత సర్దుబాటు మామయ్య మళ్లీ వచ్చి, ఈ జన్మలో తనకి తట్టిన ఒకే ఒక్క ఉపాయం బయటపెట్టాడు. "కొయ్యొద్దు పెద్దాయనా. అంటించేయండి. ఎదురెదురు పేజీలే కదా! ముఖాముఖి అంటిస్తే పుస్తకంలో ఉన్నట్టూ ఉంటాయి, లేనట్టూ ఉంటాయి. లేకపోతే ఈ పుస్తకమే వద్దంటున్నారు ఇద్దరూ."

తాతయ్య రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు జిగురు పల్చగా కలపడం చూశాను.

"అంత నీళ్లు పోస్తే పట్టదు తాతయ్యా."

"కొంచెం పడితే చాలే. ఎప్పుడో ఒకడు వస్తాడు. తడిగుడ్డ పెడితే విప్పుకోడానికి వీలుండాలి కదా. అప్పటిదాకా మిగతా పేజీలైనా బతుకుతాయి."

పుస్తకానికి రెండు చోట్ల, మూడు వందల పుస్తకాలకి. ఒక్కొక్కటీ అంటించి, మీద మైనపు కాగితం వేసి, ప్రెస్సులో బిగించాడు. ఎప్పుడూ పని చేస్తూ నాతో ఏదో ఒకటి వాగేవాడు, ఆ వారం మాత్రం వాగలేదు.

ఎప్పుడో రావాల్సినవాడు రెండో రోజే వచ్చాడు. వచ్చారు, అందరూ వచ్చారు. అంటించిన చోట గోరు పెట్టని పిల్లలు ఈ భూమ్మీద ఎక్కడున్నారు? పుస్తకం పంచిన మర్నాడు వరండాలో నలభై మంది పిల్లలు కూర్చుంటే, మొదటి పాఠం తెరిచినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఆ నాలుగు పేజీలే విప్పి చదువుతున్నారు. కొందరి పుస్తకాల్లో అక్షరాలు ఎదుటి పేజీకి అంటుకుని సగం సగం వచ్చాయి. సన్నక్షరాలే ముందు పోయాయి. నేను వరండా అరుగు కింద చెప్పులు సర్దుతూ వింటున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి లేచింది.

"తాతా, మా అమ్మ ఒక్కతే ఊళ్లు తిరిగి మందులు అమ్ముతుంది. నరకానికి పోతుందా?"

"పోదు తల్లీ. కింద రాసి ఉంది చూడు."

"కింద చిరిగిపోయింది తాతా."

"నాకు కంఠతా వచ్చు, నేను చెప్తాను" అంటూ ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లలు వింటున్నారా? ఒకడు అప్పటికే ఇంకో జత విప్పి, "ఇందులో ఏముందిరా?" అని పక్కవాణ్ణి గిల్లుతున్నాడు.

వారం తిరగలేదు. అన్నయ్య గుంపు, ముసలాయన దొంగతనంగా పిల్లలకి తప్పుడు నమ్మకాలు ఎక్కిస్తున్నాడంది. పిన్ని సంఘం, ఛాందసులు పైకి ఒప్పుకున్నట్టు నటించి లోపల దాచిపెట్టారంది. ఒకరి ముఖం ఒకరు చూడని ఆ రెండు గుంపులూ మోసం అన్న ఒక్క మాట దగ్గర కలిశాయి. దాచింది నిజం కాబట్టి తాతయ్య కాదనలేకపోయాడు. మొత్తంగా ఉంచి ఉంటే పోట్లాడి ఓడిపోయేవాడు. కోసేసి ఉంటే సిగ్గుతో బతికేవాడు. అంటించి రెండూ మూటగట్టుకున్నాడు.

కమిటీ పుస్తకాలన్నీ వెనక్కి రప్పించింది. మగపిల్లలకి అన్నయ్య వాళ్లు తెచ్చిన రంగురంగుల పుస్తకం, ఆడపిల్లలకి పిన్ని వాళ్ల అభ్యాస పుస్తకం, రెండు వేర్వేరు వరండాలు. ఫ్యాన్లూ వచ్చాయి, బెంచీలూ వచ్చాయి. "మీరు పెద్దవారైపోయారు, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు సర్దుబాటు మామయ్య. ఆ మాట చెప్పడానికి పళ్లు తెచ్చాడు పాపం.

మూడు వందల పుస్తకాలు కొట్టులో గుట్టపడ్డాయి. దేవుడి మాట ఉన్న కాగితాన్ని చిత్తుకి వెయ్యకూడదు. చదవడానికి పనికిరాకుండా పోయినదాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి మట్టిలో పూడ్చాలి. ఊళ్లో చీకిపోయిన పుస్తకాలన్నిటికీ ఆ పని చేసిపెట్టింది తాతయ్యే. అట్టల వాసన ఇంకా పోని కొత్త పుస్తకాలను పూడ్చడం మాత్రం ఆయనకీ అదే మొదలు.

"అందులో కొన్ని వేరే ఊళ్లకి పంపొచ్చుగా" అన్నాను.

"ఆ ఊళ్లలో మీ అన్నయ్యలు లేరా, మీ పిన్నులు లేరా?" అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

గుడ్డ సంచులు నేనే కుట్టాను. ఒక శుక్రవారం పదింటికి పిన్ని కారు తెచ్చింది. అట్టపెట్టెలు ఎక్కించి శ్మశానానికి వెళ్లాం. ఆడవాళ్లు లోపలికి రాకూడదన్నాడు తాతయ్య. పిన్ని ఆయన ముఖం చూసి, ఏమీ అనకుండా గేటు బయట ఆగింది. పక్కనే నేనూ. కడ్డీల సందులోంచి అంతా కనిపిస్తూనే ఉంది.

అన్నయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. గుంట తవ్వి పెట్టాడు. లోతుగా, అంచులు తిన్నగా తవ్వాడు. పెట్టెలన్నీ వాడే మోశాడు, తాతయ్యని ఒక్కటీ ఎత్తనివ్వలేదు. సంచులు దించి మట్టి కప్పాక, తాతయ్య చేతులు చాచి ఉస్తాదు పేరు చెప్పుకుని దువా మొదలుపెట్టాడు. అన్నయ్య పార తీసుకుని నాలుగడుగులు పక్కకి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

"కనీసం చేతులైనా చాచొచ్చు కదా వీడు" అంది పిన్ని పళ్లబిగువున.

"నువ్వు చాచావా పిన్నీ?" అన్నాను.

ఆమె చేతుల్లో కారు తాళాలున్నాయి.

తాతయ్య బయటికొచ్చాడు. చెప్పుల మట్టి విదుల్చుకున్నాడు. వెనకే అన్నయ్య. పిన్ని ఉండబట్టలేక అడిగింది. "ఒక్కటి కూడా ఉంచుకోలేదా నాన్నా?"

"ఎవరి కోసం ఉంచమంటావు?"

నిజంగానే అడిగాడు. ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. పిన్ని తల దించుకుంది. అన్నయ్య పార అంచుకి అంటిన మట్టి గీకుతున్నాడు. ఆయన చూపు నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. నాకివ్వు తాతయ్యా అనొచ్చు. అంటే చదవాలి. చదివితే ఏదో ఒక పక్కన నిలబడాలి, లేకపోతే ఆయనలాగా మధ్యలో నిలబడాలి. నేను కూడా చెప్పులు చూసుకున్నాను.

"సరే, పదండి. జుమా నమాజుకి వేళవుతోంది" అన్నాడు.

ఆయన పాత మసీదు దగ్గర దిగాడు. అన్నయ్య వాళ్ల మసీదు వేరే వీధిలో, వాడు నడిచి వెళ్లాడు. పిన్నికి పన్నెండింటికి సంఘం మీటింగు ఉంది. నేను కొట్టు తాళం చెవి పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ తాళం తీయమని ఆయన నన్ను మళ్లీ అడగలేదు.