మిషన్‌లో దుమ్ము లేదు

బిజినేపల్లి దగ్గరి ఒక పాల కేంద్రంలో వెన్న కొలిచే మిషన్ దుమ్ము పడి తప్పు చూపిందని అక్కడివాళ్లు చాలా ఏళ్లు చెప్పుకున్నారు. ఆ మాట పుట్టించింది నేను. జరిగింది వేరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వనపర్తిలో నాకో చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. నేనూ, నాతో పనిచేసే ఒక అమ్మాయీ, అంతే. కేంద్రానికి ప్రోగ్రాం నేనే రాశాను. మిషన్ నుంచి వెన్న అంకెను చదివే భాగం సి భాషలో, దాన్ని పిలిచి అంకె తీసుకుని చీటీ అచ్చువేసే భాగం స్క్రిప్టు భాషలో. ముందు మిషన్‌ను షాపులోనే పెట్టుకుని, చాయ కోసం తెచ్చిన పాలనే పొద్దంతా మిషన్‌లో పోసి పరీక్షించాను. ఎన్నిసార్లు పోసినా సరైన అంకే వచ్చింది. తృప్తిగా అదే పాలతో చాయ కాచుకున్నాం.

కేంద్రంలో పెట్టిన కొద్ది రోజులకే ఒక పెద్దావిడ పాలకు వెన్న తక్కువ చూపడం మొదలైంది. ఆమెకున్నది ఒక్క బర్రె. ఒక పొద్దున నేనూ అక్కడే ఉన్నాను.

"ఏందత్తా, బోరింగు కాడ ఆగొచ్చినవా?" అన్నాడు వెనకాల క్యాను పట్టుకుని నిలబడ్డతను.

"నా బర్రె గడ్డి తింటది. నీ లెక్క మంది మాటలు తినది."

కేంద్రం నడిపే ఆయన మాత్రం నవ్వలేదు. "రేపు గూడ గిట్లనే వస్తే నీ పాలు వద్దమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు సారూ. నీళ్లు గలిపిననా?"

"మిషన్‌కు నువ్వెవరో తెల్వదమ్మా. ఉన్నదే చెప్తది," అన్నాను.

ఆమె మూత బిగించుకుని వెళ్లిపోయింది.

షాపుకు వచ్చి ఈ సంగతి నవ్వుతూ చెబితే ఆ అమ్మాయి నవ్వలేదు.

"ఆమె ఎనకాల ఎవరు వోసిండ్రన్నా?"

"ఆవు పాలాయన. రోజూ ఆయనే."

"మనం ఎన్నడన్న రెండు తీర్ల పాలు వోసి చూసినమా?"

చూడలేదు. షాపులో ఉన్నది చాయ పాలే.

ఆమె కూర్చుని సి భాషలో ఒక ఉత్తుత్తి మిషన్ రాసింది. అడిగిన ప్రతిసారీ వేరే అంకె ఇవ్వడమే దాని పని. స్క్రిప్టు నుంచి మొదటి అంకె అడిగి దాచింది. రెండోది అడిగింది. మళ్లీ మొదటిదాన్ని తెరమీద చూపించింది. అది మారిపోయి ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే రెండో అంకె అయిపోయింది.

అప్పుడు అర్థమైంది. సి ఇస్తున్నది అంకెను కాదు, అంకె ఉండే చోటును. తర్వాతి అంకె కూడా అదే చోట వచ్చి కూర్చుంటుంది. నా స్క్రిప్టు అచ్చువేసే వేళకు మళ్లీ ఆ చోటు వైపే చూస్తోంది. చీటీ వచ్చేలోపు వెనకాయన పోసిన, వెన్న తక్కువుండే ఆవు పాలు మిషన్‌లో పడితే పెద్దావిడ చీటీ మీద ఆ పాల అంకె పడుతుంది. అలాగే వెనకవాళ్ల బర్రె పాల అంకె పడి ఎక్కువ వచ్చినవాళ్లు ఎందుకు మాట్లాడతారు? పాలు లేవు, మిషన్ లేదు. అయినా కేంద్రం ముందరి వరుస మొత్తం ఆ అమ్మాయి రాసిన ఆ కొద్ది వాక్యాల్లో కదులుతోంది. రెండు భాషలు కలిసే ఆ గడప మీద ఏం జరుగుతుందో చూడవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అలా అడగవచ్చని కూడా తెలియదు.

సరిచేయడం చిన్న పని. అంకె రాగానే స్క్రిప్టు దాన్ని తన దగ్గర వేరుగా రాసుకోవాలి. మర్నాడు పెద్దావిడ పోసింది, వెంటనే ఆవు పాలాయన పోశాడు. ఆమె చీటీ మీద చిక్కటి బర్రె పాల అంకె పడింది.

"మరి నిన్నటిదాంక నీళ్లు గలిపిందెవరు సారూ?"

అందరూ చూస్తున్నారు. "మిషన్‌ల దుమ్ము వడ్డదమ్మా," అన్నాను.

చాలా కాలానికి నాగర్‌కర్నూల్ వెళ్తూ ఆ కేంద్రం దగ్గర దిగాను. మిషన్ మీద ఉతికిన పాత చీర ముక్క కప్పి ఉంది. ఎవరు కప్పారని అక్కడ పాలు పోయించుకుంటున్న కుర్రాణ్ణి అడిగాను.

"బర్రె పెద్దమ్మ సార్. రోజు పొద్దుగాల్నే తుడుస్తది. దుమ్ము వడి ఇంకొకల మీద నింద రావద్దంట."