కుట్టుమిషను చప్పుడును కోసినవాడు

ఆ వీధిలో అతన్ని అందరూ టకటక అని పిలిచేవారు. పార్సిళ్ళ గోడౌనులో పెట్టెలు మోసే పని. అక్కాబావల ఇంట్లో, తెర కట్టి విడదీసిన వెనక భాగంలో ఉండేవాడు. తెరకు ఇవతల అక్క కుట్టుమిషను, అవతల తమ్ముడి లాప్‌టాప్. ఒకరి చప్పుడు ఒకరికి గిట్టేది కాదు.

అతను చేసే సంగీతం కూనిరాగం తీసుకునే రకం కాదు. లాప్‌టాప్‌లో చప్పుళ్ళతో పాట కట్టే ఒక చిన్న ప్లగిన్ ఉండేది. దాని నిండా వరుసగా గళ్ళు. తలుపు కిర్రుమనడం, గిన్నె జారిపడడం, ఏ చప్పుడైనా సరే, రికార్డు చేసి, ముక్కలు కోసి, ఒక్కో గడిలో ఒక్కో ముక్క పెట్టేవాడు. ఒక వెలుగు ఆ గళ్ళ మీదుగా నడుస్తూ పోతుంది. తాకిన గడి మోగుతుంది. ఒక ముక్కకు నత్తి పెట్టేవాడు, ఒకదాన్ని వెనక్కి తిప్పేవాడు, ఇంకో గడిని కావాలని ఖాళీగా వదిలేవాడు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు ఉండాలి వినేవాడికి. అదే అతని ఆనందం.

"పాడైపోయిన రేడియోకి కూడా ఇంతకన్నా సిగ్గుంటుంది," అనేది అక్క.

"నీకు చెవులుంటేగా అక్కా!"

"ఉన్నాయి కాబట్టే ఏడుస్తున్నా. నీకు వేరే కొంప దొరికిన రోజున నా చెవులకు మోక్షం."

ఇంత మాటన్నాక కూడా అతని అన్నం మీద మూత పెట్టడం ఆమె మరిచేది కాదు. ఆ మూత మాత్రం ధడాలున పెట్టేది. దేవుడు కొందరికి దయ ఇస్తాడు గాని, దాన్ని నెమ్మదిగా చూపించే చేతులివ్వడు.

ఆ రోజు అతనికి సెలవు. అక్కకు క్షణం తీరిక లేదు. సాయంత్రం హోటలువాళ్ళు తమ పనివాళ్ళ యూనిఫాంల కోసం వస్తారు. అప్పటికి అందకపోతే ఇకమీదట ఆ పని వీధి చివరి దర్జీకి పోతుంది. పొద్దున్నుంచి ఇంట్లో అందరి నెత్తినా మోగుతున్నది ఆ మాటే.

తెర వెనక తమ్ముడు కొత్త పాట మీద ఉన్నాడు. అందులో మోగేది అక్క మిషనే. కొన్నాళ్ళ క్రితం దాని చప్పుడు పట్టి, గళ్ళలో పరిచి, అక్కడక్కడా ఒక దెబ్బ ఎగరగొట్టాడు. తన పాట వేగం అసలు మిషను వేగానికి అతికిందో లేదో చూసుకోవాలని, అక్క పోరు పడలేక ఈమధ్య పెట్టుకుంటున్న హెడ్‌ఫోను తీసేసి, స్పీకరు తెర దగ్గరికి జరిపాడు. ఆమె తొక్కితే మోగించేవాడు, ఆమె ఆపితే తానూ ఆపేవాడు.

అక్క చేయి ఆగింది. మిషను దెబ్బ తప్పుతోంది. కుట్టు చూస్తే తిన్నగానే ఉంది. కానీ ఆమె కంటికన్నా చెవినే నమ్మేది. కుట్టు చెడేముందు చప్పుడు చెడుతుందని ఆమె నమ్మకం. మళ్ళీ తొక్కింది. మళ్ళీ తప్పింది. సూది మార్చింది, నూనె వేసింది. చివరికి మిషను అడుగున సూది దారాన్ని అందుకునే కొక్కెం మర వదులు చేసి, కాస్త జరిపింది.

ఇప్పుడు కుట్టు నిజంగానే తప్పడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే తెర తొలిగింది. తమ్ముడి మొహం వెలిగిపోతోంది. "అక్కా, ఏది మిషనో ఏది పాటో తేడా తెలిసిందా?"

అక్క స్పీకరును చూసింది. చేతిలోని స్క్రూడ్రైవరును చూసింది.

"అది నువ్వా? బాగున్నదాన్ని నా చేత్తో నేనే విప్పుకున్నానా?"

"నువ్వు విప్పుతావని నాకేం తెలుసు?"

"నీకేం తెలుస్తుందిరా! అన్నం తిన్న కంచాన్ని కూడా కోసి గళ్ళలో పెట్టుకునే రకానివి."

గొడవ విని వచ్చిన బావ మెకానిక్‌కి ఫోను చేశాడు. అతను ఊళ్ళో లేడు. "పోనీలేవే, వాణ్ణి తర్వాత చంపుదువుగాని, ముందు మిషను సంగతి చూడు," అన్నాడు భార్యతో.

"మీరు మధ్యలో రాకండి. హోటలువాళ్ళు వచ్చేలోగా ఇది కుట్టకపోతే వీడూ వీడి పెట్టే గడప బయట!" అని తమ్ముడి వైపు తిరిగింది. "ఇదివరకు ఎలా మోగేదో వింటే గాని సరిచేయలేను. రికార్డు చేసి ఏడ్చావుగా, పెట్టు."

తమ్ముడు నేల చూపులు చూశాడు. "మొత్తంగా లేదక్కా. చోటు చాలక అసలుది చెరిపేశా. ముక్కలే ఉన్నాయి."

బావ నవ్వబోయి, భార్య మొహం చూసి దగ్గాడు.

తమ్ముడు కూర్చున్నాడు. ఖాళీ గళ్ళు నింపాడు, నత్తి తీసేశాడు, వెనక్కి తిప్పినవాటిని ముందుకు తిప్పాడు. వంకర లేని పాట చేయడం అతనికదే మొదటిసారి. మోగించిన ప్రతిసారీ అక్క "కాదు" అంది.

"మధ్యలో ఎగిరింది. వినపడట్లేదా?"

"వినపడుతోంది, అరవకు!"

ఫ్యాను రొద అడ్డమవుతోందని బావ ఎవరూ చెప్పకుండానే దాన్ని ఆపి, అట్టముక్కతో ఇద్దరికీ విసురుతూ నిలబడ్డాడు. ఇద్దరిలో ఒక్కరూ ఆయన వైపు చూడలేదు.

"ఇదీ!" అంది చివరికి అక్క. ఆ చప్పుడును అలాగే తిప్పి తిప్పి మోగించమని, వింటూ మర తిప్పింది, గుడ్డపీలిక మీద కుట్టి చూసింది, మళ్ళీ తిప్పింది. ఎంతోసేపటికి రెండు చప్పుళ్ళూ ఒక్కటై నడిచాయి. కుట్టు తిన్నగా పడింది.

తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. "చూశావా, నా లాప్‌టాపే..."

"చెరుపు."

"ఏంటి?"

"నా మిషనుది ఒక్క ముక్క కూడా నీ దగ్గర ఉండకూడదు. రేపు మళ్ళీ మోగితే నేను నా చెవిని నమ్మాలా, నిన్ను నమ్మాలా? నా ఎదురుగా చెరుపు."

"ఇప్పుడేగా పనికొచ్చింది!"

"కాలు విరగ్గొట్టినవాడు కర్ర అందించాడని దండం పెట్టమంటావా?"

అతను బావ వైపు చూశాడు. బావ విసరడం ఆపలేదు.

ఒక్కో గడీ చెరిపాడు. పాటంతా ఆ ముక్కల మీదే నిలబడి ఉంది. ఆఖరికి ఆ వెలుగు ఖాళీ గళ్ళ మీదుగా చడీచప్పుడూ లేకుండా నడిచిపోయింది.

"ఇంకేం మిగల్లేదు," అన్నాడు.

"యూనిఫాంలు మిగిలాయి. వెలుతురుకు అడ్డం లే," అంటూ అక్క మిషను తొక్కింది.