అంగడి దారిలో వచ్చిన ఏరు

డెబ్బైల నాటి మాట. మా ఊరికీ గోరంట్ల అంగడికీ మధ్య చిత్రావతి ఉంది. ఏళ్ల తరబడి నీళ్లు లేని ఆ ఏటి ఇసుకే మాకు దారి. చుట్టూ తిరిగి పోయే బస్సుకు డబ్బులు పెట్టడానికి నాకు మనసొప్పేది కాదు.

ఆ రోజు నెల సరుకులు మూటగట్టి నెత్తిన పెట్టుకుని తిరిగొస్తున్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏటి నడిమికి వచ్చేసరికి, మా వైపు గట్టు మీద మేకలు మేపుతున్న ఖాదర్ అరిచాడు.

“అక్కా, ఏరొస్తాండాది! మూట పారేసి బిర్నా రా!”

“వాన యాడబ్బా? ఎగతాళికి నేనే దొరికినానా?”

“పైన యాడో కురిసుండాది. ఎగువకు సూడు!”

చూశాను. నురగనూ పుల్లలనూ తోసుకుంటూ ఎర్రటి నీళ్లు ఇసుకను కప్పేస్తూ వస్తున్నాయి. మూట వదలకుండానే పరుగెత్తాను. మోకాళ్లు మునిగేసరికి ఖాదర్ దిగివచ్చి చెయ్యి పట్టి గట్టుకు లాగాడు.

“ఆ మూట కోసం సచ్చేదానివి గదా!” అని తిట్టాడు.

వెనక్కి తిరిగి చూశాను. ఇప్పుడే నడిచిన దారి లేదు, నా అడుగులు లేవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఏరే.

కొత్త నీళ్లకు పసుపు ఇవ్వడం మా ఆనవాయితీ. చిటికెడు పసుపుకు కూడా వెనకాడే నేను, మూట విప్పి పొట్లం పొట్లమంతా ఏట్లో వదిలి దణ్ణం పెట్టాను. ఖాదర్ కూడా మేకల్ని మరిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ నెలంతా మా ఇంట్లో పసుపు లేని పప్పే. అయినా ఆ పసుపు దండగైందని నాకు ఈనాటికీ అనిపించలేదు.