ఊదిన నీళ్లు

ఇమాం సాబ్ పోయారని పోయిన శుక్రవారం కామారెడ్డి బస్టాండులో ఒక కండక్టరు చెప్పాడు. ఎల్లారెడ్డిలో నేను వైద్యం మొదలుపెట్టిన తొలి ఏడాది నుంచి తమ ఊరి పిల్లలను ఆయన నా దగ్గరికి పంపేవారు.

సాయంత్రం నమాజు ముగిసే వేళకు ఆ ఊరి మసీదు గేటు బయట తల్లులు జ్వరపు పిల్లలను చంకనెత్తుకొని, నీళ్ల గిలాసతో నిలబడేవారు. ఏ మతం వారన్న పట్టింపు ఉండేది కాదు. ఆయన దువా చదివి నీళ్ల మీద ఊది, "నా పని అయింది బిడ్డా. ఇగ డాక్టర్ సాబ్ పని ఉన్నది, బస్సెక్కు" అనేవారు. సూదికి భయపడే తల్లులు కూడా ఆ మాట కాదనలేక వచ్చేవారు.

"నా మందుతో తగ్గినా పేరు మీకే వస్తోంది" అన్నాను ఒకసారి.

"తగ్గకుంటే తిట్లు మీకే గద సాబ్" అని నవ్వారు.

పదేళ్ల కిందట సర్పంచుగా నిలబడమని ఊరు అడిగితే, నమాజు చదివించేవాడు ఓట్లడగడం బాగుండదన్నారు. మీలాంటి నిజాయితీపరులు రాకపోతే ఎలా అని ఒప్పించిన వాళ్లలో నేనూ ఉన్నాను. గెలిచారు. ఆయన మీద ఓడిన పటేల్ ఉండే వాడలోనూ బోరు వేయించారు. ఆయన పాలనలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఆయన సర్పంచయ్యాక రెండో వానాకాలంలో ఆ వాడ నుంచి ఒక తల్లి మూడేళ్ల కూతురిని తెచ్చింది. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. నాడి అందలేదు. సెలైన్ కోసం నరం వెతుకుతుండగానే పాప పోయింది. మొదటి రోజే ఇమాం సాబ్ దగ్గరికి ఎందుకు పోలేదని అడిగాను. అది అడగవలసిన సమయం కాదు.

"మేం ఆయనకు ఓటెయ్యలే సారూ. పటేల్ దిక్కు వేసినం. ఏ మొఖం పెట్టుకొని ఆ గేటు కాడ నిలవడాలె?"

ఆ మాట ఆయనకు నేనే చేరవేశాను. మూడో రోజు రాజీనామా రాయించుకోవడానికి వచ్చారు. ఆయనకు ఉర్దూ రాతే వచ్చు. "అనారోగ్యం వల్ల" అని నేను రాస్తే కొట్టేయించారు.

"రోగం నాకెక్కడిది? ఊదేటోనికి ఎదురుపార్టీ ఉండొద్దని రాయండి."

"అలా రాస్తే ఆఫీసులో తీసుకోరు."

"తీసుకోకుంటే వాపస్ పంపుతరు. మళ్ల గదే ఇస్త."

ఆ వాక్యమే రాశాను.

మతపెద్దలు పదవుల్లో ఉండవచ్చునా అన్న వాదన వచ్చినప్పుడు నేను వారి నీతిని ప్రశ్నించను. ఇమాం సాబ్‌కు నీతి ఉండేది. సర్పంచును ఓడించాలని చూడడం ఓటరు హక్కు. అదే మనిషి ముందు మరునాడు బిడ్డను ఎత్తుకొని నిలబడడం ఆ తల్లి వల్ల కాలేదు.

పదవి వదిలాక కూడా ఆ వాడ తల్లులు రాలేదు. చివరి గిలాస మీద ఊదాక ఆయన చెప్పులు వేసుకోకుండా, ఆ వాడ దారి వైపు చూస్తూ కాసేపు నిలబడేవారు.

ఆ శుక్రవారమే అంతిమయాత్రకు వెళ్లాను. గేటు ముందంతా జనం. ఆ తల్లి రోడ్డుకు అవతల ఒక్కతే నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. జనాజాను భుజాన మోస్తున్నవాళ్లు తన ముందుకు రాగానే కొంగు తల మీదికి లాక్కుంది. రోడ్డు మాత్రం దాటలేదు.